రాష్ట్రపతి చేవ్రాలు, న్యాయపీఠము

సర్వోన్నత న్యాయస్థానమునకు న్యాయమూర్తిని నియమించుపట్ల మన రాజ్యాంగము వాడిన మాటలు మిక్కిలి గంభీరములు. రాష్ట్రపతి తన చేవ్రాలుతోను తన ముద్రతోను అధికారపత్రము నొసంగవలెనని 124వ అధికరణము విధించుచున్నది. హైకోర్టు న్యాయమూర్తుల విషయమున 217వ అధికరణము సైతము అట్లే పలుకుచున్నది. దేశమున కెల్ల పెద్దయైన యొక వ్యక్తి యోగ్యుల నెఱిగి, తూచి, ఒకని నెన్నుకొని ధర్మపీఠమున కూర్చుండబెట్టుచున్నాడని చదువరి యనుకొనిన, అది యతని తప్పు కాదు. కాని చేవ్రాలు చేయు హస్తమొకటి; ఆ హస్తమును నడపు బుద్ధి మఱియొకటి. 1950 జనవరి 28వ తేదీన సుప్రీముకోర్టు ప్రారంభమైనది మొదలు జరిగిన వివాదమంతయు ఆ బుద్ధి యెవరిది కావలెనను దానిని గుఱించియే.

ఇది ఢిల్లీ పెద్దల వ్యవహారము, తంబళ్లపల్లెలో పత్రిక విప్పుకొని కూర్చున్న మనకేల యని యడుగువారు గలరు. వారికొక చిన్న లెక్క చెప్పెదము. మల్లయ్యకొండ దిగువను రెండెకరముల మెట్టకై అన్నదమ్ములు వ్యాజ్యమాడుదురు. మొదటి తీర్పు చెప్పునది జూనియరు సివిల్ జడ్జి. ఆయన న్యాయశాస్త్ర పట్టము పొంది, హైకోర్టువారు జరుపు పరీక్ష వ్రాసి, పెద్దలయెదుట నిలిచి ప్రశ్నలకు బదులుచెప్పి, మార్కులమీద నెగ్గి వచ్చినవాడు. అప్పీలు వినెడి జిల్లా జడ్జిని గవర్నరు హైకోర్టుతో సంప్రదించి 233వ అధికరణము ననుసరించి నియమించును. దానికిని నియమములు గలవు, ప్రకటనలు గలవు. రెండవ అప్పీలు హైకోర్టునకు పోవును. ఆ తరువాత చేతిలో సొమ్మును ఒంటిలో ఓపికయు మిగిలినచో ఢిల్లీకి పోవును. ఆ పై రెండు మెట్లమీద కూర్చున్నవారి పేర్లు మొదట నెవరు చెప్పిరి? ఎవరు బలపఱచిరి? వారితోడివారు పదుగురుండగా వీరినే యేల యెన్నిరి? క్రింది కోర్టున బంట్రోతు నియామకమునకు సైతము ప్రకటన వెలువడును గాని, వీనికి సమాధానము కక్షిదారునకు గాని వకీలునకు గాని దొరకదు. న్యాయము పైకి పోవుకొలది వెలుతురు తగ్గుచున్నది. మన ఫిర్యాదు ఇదియే.

తెల్లదొరల కాలమున ఈ సందేహమే లేదు. 1861వ సంవత్సరపు హైకోర్టుల చట్టమునందే, న్యాయాధిపతులలో మూడవవంతునకు తక్కువ కాకుండ బారిష్టర్లను, మఱి మూడవవంతునకు తక్కువ కాకుండ సివిలు సర్వీసు దొరలను నియమింపవలెనని వ్రాసికొనిరి. జిల్లాలో శిస్తు వసూలుచేసిన కలెక్టరు శాఖవాడే హైకోర్టున ధర్మాసనమెక్కును. చెన్నపట్టణపు హైకోర్టున ముత్తుస్వామి అయ్యరుగారు మొదటి భారతీయ న్యాయాధిపతి యగునప్పటికి ఆ కోర్టు పుట్టి పదునైదేండ్లు దాటెను. 1935వ సంవత్సరపు చట్టముచే ఏర్పడి 1937 అక్టోబరు 1వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైన ఫెడరల్ కోర్టునకును న్యాయాధిపతులను నియమించినది చక్రవర్తియే. ఎవరు నియమించుచున్నారో, ఎవరికొఱకు నియమించుచున్నారో అప్పుడు దాపరికము లేదు. స్వరాజ్యమున మాత్రమే ఈ ప్రశ్న ప్రశ్నగా నిలిచినది.

రాజ్యాంగ పరిషత్తు పెద్దలు దీనిని తేలికగా తీసికొనలేదు. 1947లో సుప్రీముకోర్టును గుఱించి నివేదిక వ్రాసిన ఉపసంఘమున మన నెల్లూరు సీమవారగు అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారుండిరి. రాష్ట్రపతి యొక్కని యిచ్చకే ఈ నియామకములను విడిచిపెట్టరాదనియు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తులు, శాసనసభ్యులు, ప్రభుత్వ న్యాయాధికారులు గల యొక మండలి ఇందు పాల్గొనవలెననియు ఆ సంఘము సూచించెను. ఆ సూచన యేలనో నిలువలేదు. తుదకు, ప్రధాన న్యాయమూర్తితో ‘సంప్రదించి’ రాష్ట్రపతి నియమించునని రాజ్యాంగమున వ్రాసిరి. సంప్రదించుట చాలదు, ఆయన సమ్మతి కావలెనని కొందఱు సవరణలు తెచ్చిరి. 1949 మే 24వ తేదీన అంబేద్కరుగారు వానికి బదులు చెప్పిరి. ప్రధాన న్యాయమూర్తి యెంత గొప్పవాడైనను మనవంటి మనుష్యుడే, ఆయనకును ఇష్టానిష్టములుండును, కావున ఆయనకు నిషేధాధికారమిచ్చుట ప్రమాదకరమని వారి వాదము. మంత్రుల చేతికి పూర్తిగా ఇచ్చుటయు వారికి సమ్మతము కాదు. ఈ రెండు భయములును నిజమని తరువాతి చరిత్ర రుజువు చేసినది.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు స్వల్పము కాదు. ముగ్గురు తెలుగువారు రాష్ట్రపతులైరి. ముగ్గురి చేవ్రాళ్లును ఈ కథలో నున్నవి.

మొదటివారు సర్వేపల్లి రాధాకృష్ణగారు. వారు పుట్టిన తిరుత్తణి 1960 వఱకు మన చిత్తూరు జిల్లాలోనిదే. 1966 జూన్ 30న రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తి యైనది వీరు రాష్ట్రపతిగా నున్నప్పుడే. సుబ్బారావుగారు గుంటూరున ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి. ప్రజల ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతము కోసివేయరాదని 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ వ్యాజ్యమున ఆఱుగురు ఒకవైపును అయిదుగురు ఒకవైపును నిలిచి తీర్పు చెప్పినప్పుడు ఆ ఆఱుగురికి వీరే ముందు నడిచిరి. తెలుగువాడని మనము గర్వింపవచ్చును. కాని గర్వించు నోటితోనే ఒక మాట చెప్పవలెను. తీర్పు చెప్పిన రెండు నెలలలోపలనే, 1967 ఏప్రిల్ 11న, వారు పదవి విడిచి, ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి యెన్నికలో నిలిచి జాకీర్ హుస్సేనుగారిచేత నోడిపోయిరి. వారి తీర్పునందు కపటము లేదని మేము నమ్ముదుము. అయినను, న్యాయమూర్తి దృష్టి ముందున్న కాగితములమీదనా, రానున్న కుర్చీమీదనా యను సందేహమును సామాన్యుని మనస్సున విత్తినది ఆ యడుగే. అంత గొప్పవారు ఆ పని చేయకుండిన బాగుండెడిది.

రెండవవారు వరాహగిరి వేంకటగిరిగారు. 1969లో వారు నెగ్గినది మన అనంతపురము జిల్లా ఇల్లూరువారగు నీలం సంజీవరెడ్డిగారిమీద. ఆ యెన్నిక చెల్లదని వ్యాజ్యము పడగా, 1970లో రాష్ట్రపతిగా నుండియే గిరిగారు సుప్రీముకోర్టునకు పోయి సాక్ష్యమిచ్చిరి. తాను నియమించిన న్యాయస్థానము ముందు తానే సాక్షిగా నిలుచుట! రాజులు గల దేశములలో ఈ దృశ్యము కనబడదు. ఇంతటివారి చేవ్రాలే మూడేండ్లకు మఱియొక కాగితముపై పడినది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వెలువడెను. రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు చెఱుపరాదని ఏడుగురు చెప్పిరి. ఆ యేడుగురిలో మన పింగళి జగన్మోహనరెడ్డిగారొకరు. ఆ మఱునాడే, వరుసలో ముందున్న షెలత్, హెగ్డే, గ్రోవర్ అను మువ్వురిని దాటించి, నాలుగవవారగు ఏ.ఎన్. రేగారిని ప్రధాన న్యాయమూర్తిగా ప్రభుత్వము ప్రకటించెను. దాటబడిన మువ్వురును ప్రభుత్వమునకు ప్రతికూలముగా తీర్పు చెప్పినవారే. ముగ్గురును రాజీనామా చేసిరి. మంత్రివర్గపు సలహాపై గిరిగారు సంతకము చేసిరి. చేయక తప్పదని వాదింపవచ్చును. అయినను, ఇట్లేల యని యొక్క లేఖ వ్రాసి ఫైలును ఒక్కమాఱు వెనుకకు పంపియున్నచో చరిత్రలో ఆ పుట వేఱుగా నుండెడిది.

మూడవవారి కథ ఇంకను విచిత్రము. దీనిని నేటి యువకులు వినియుండరు గనుక కొంత విపులముగా చెప్పెదము. సంజీవరెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నున్న కాలమున కర్నూలు ప్రాంతపు బస్సుమార్గములను ప్రభుత్వము చేపట్టెను. అచ్చటి ప్రైవేటు బస్సులవారు కోర్టుకెక్కిరి. మా మార్గములనే ముందుగా తీసికొనుట రాజకీయకక్షచేతనే యనియు, ఆ కక్ష ముఖ్యమంత్రిదే యనియు ప్రమాణపత్రమున వ్రాసిరి. వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయెను. ముఖ్యమంత్రి స్వయముగా ప్రమాణపత్రము వేసి ఆ యారోపణను ఖండింపలేదు గనుక అది ఖండింపబడనట్లే యెంచవలసియున్నదని ఆ న్యాయస్థానము చెప్పి, ప్రణాళికలను కొట్టివేసెను. ఇది 1964. ఎన్నికలలో ఓడిపోలేదు, శాసనసభలో బలము తగ్గలేదు, ఎవరును నెట్టివేయలేదు. కోర్టు తన నడవడిని గుఱించి అన్న మాటకే సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా ఇచ్చిరి. బస్సులు నడుపుకొను నలుగురు మనుష్యులు ముఖ్యమంత్రిని ప్రశ్నించుట, న్యాయమూర్తులు వెఱపులేక బదులుచెప్పుట, ముఖ్యమంత్రి ఆ మాటకు తలయొగ్గుట, ఈ మూడును కూడినప్పుడే దానికి రాజ్యాంగపాలనమని పేరు. రాయలసీమ నేల యిట్టి యుదాహరణమును కన్నదని మన బిడ్డలకు చెప్పుకొనవలెను.

ఆ సంజీవరెడ్డిగారే 1977 జూలై 25న రాష్ట్రపతులైరి. న్యాయమూర్తుల అధికారపత్రములపై వారి చేవ్రాలే పడవలసివచ్చెను. వారు వచ్చునప్పటికి న్యాయపీఠము గాయపడియుండెను. అత్యవసర పరిస్థితిలో 1976న పదునాఱుగురు హైకోర్టు న్యాయమూర్తులను ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు త్రోసివేసిరి. మన హైదరాబాదునుండి ఓ. చిన్నపరెడ్డిగారిని పంజాబు హర్యానా హైకోర్టునకు పంపిరి. గుజరాతునుండి సంకల్‌చంద్ శేఠ్‌గారిని మన హైకోర్టునకు పంపిరి. శేఠ్‌గారు ఆజ్ఞను శిరసావహించి హైదరాబాదున పదవి చేపట్టుచునే, నా సమ్మతి లేకుండ నన్ను కదల్చుట చెల్లదని రిట్టు వేసిరి. 1977 సెప్టెంబరున సుప్రీముకోర్టులో ముగ్గురు సమ్మతి అక్కఱలేదనిరి, కాని ప్రజాహితము కొఱకు మాత్రమే, ప్రధాన న్యాయమూర్తితో నిజముగా సంప్రదించిన పిదపనే కదల్పవలెనని కట్టడి చేసిరి. భగవతి, ఉంట్వాలియాగార్లు సమ్మతి లేనిదే కదల్పరాదనిరి. అప్పటికి ప్రభుత్వము మాఱియుండుటచే శేఠ్‌గారిని గుజరాతునకు మరల పంప నొప్పుకొనిరి. నిర్బంధితునికి కోర్టు తలుపు మూయరాదని 1976లో ఒంటరిగా నిలిచిన హెచ్.ఆర్. ఖన్నాగారిని మాత్రము 1977 జనవరిలో దాటించి, ఎం.హెచ్. బేగ్‌గారిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించియుండిరి. ఆయన రాజీనామా చేసిరి. ఆ నష్టమును పూడ్చువారు లేకపోయిరి.

సంజీవరెడ్డిగారి కాలమున 1978లో చిన్నపరెడ్డిగారు సుప్రీముకోర్టున కెక్కిరి. ఆ కాలముననే 1981 మార్చి 18వ తేదీన కేంద్ర న్యాయశాఖమంత్రి ముఖ్యమంత్రులకు ఒక లేఖ వ్రాసిరి. అదనపు న్యాయమూర్తులు వేఱు రాష్ట్రములకు పోవుటకు సమ్మతింతురో లేదో వ్రాయించి తీసికొనుడని దాని సారాంశము. ఆ మంత్రి మనవారే, పుంజాల శివశంకరుగారు. 1974–75లో మన హైకోర్టున న్యాయమూర్తిగా కూర్చున్నవారే. న్యాయపీఠపు లోగుట్టు తెలిసినవాడే ఆ పీఠము క్రింద నిప్పు పెట్టినట్లయ్యెను. ఆ లేఖనుండి పుట్టినదే ఎస్.పి. గుప్తా వ్యాజ్యము. 1981 డిసెంబరు 30న వెలువడిన తీర్పు, నియామకమున తుదిమాట ప్రభుత్వమునదే యనెను. పన్నెండేండ్లు ఆ మాటయే చెల్లెను.

1993 అక్టోబరు 6న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము దానిని తలక్రిందులు చేసెను. ‘సంప్రదించి’ యనగా వారి సమ్మతితో ననియే అర్థమని తీర్పు. 1998లో రాష్ట్రపతి నారాయణన్‌గారి పేర అడిగిన ప్రశ్నలకు బదులుగా, ప్రధాన న్యాయమూర్తియు నలుగురు పెద్ద న్యాయమూర్తులును కూడిన మండలి, దానినే కొలీజియమని యందురు, పేర్లు నిర్ణయింపవలెనని స్థిరపఱచిరి. మంత్రివర్గము ఒక్కమాఱు వెనుకకు పంపవచ్చును. మండలి యేకగ్రీవముగా మరల చెప్పినచో రాష్ట్రపతి సంతకము పెట్టవలెను. ఇక్కడ నారాయణన్‌గారిని గుఱించి ఒక మాట. కొందఱి దృష్టిలో రాష్ట్రపతి రబ్బరుముద్ర మాత్రమే. కాని షెడ్యూల్డు కులములు మొదలగు బలహీన వర్గములలో యోగ్యులు గలరు, వారి పేర్లను పరిశీలింపుడని వారు ఫైలుపై వ్రాసిరి. 2000లో కె.జి. బాలకృష్ణన్‌గారు సుప్రీముకోర్టునకు వచ్చిరి, 2007లో ప్రధాన న్యాయమూర్తి యైరి. సంతకము పెట్టు చేతికి ప్రశ్న వ్రాయు అవకాశమైనను గలదని దీనివలన తెలియుచున్నది. గిరిగారు చేయనిది ఇదియే.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పల్లెలలో సామెత. ఇచ్చట పూజారి మాఱెను గాని గర్భగుడిలో దీపము పెట్టలేదు. మునుపు మంత్రి గదిలో తలుపు వేసికొని నిర్ణయించిరి. పిదప న్యాయమూర్తుల గదిలో తలుపు వేసికొని నిర్ణయించిరి. దీనిని మార్చుటకు 2014లో పార్లమెంటు తొంబదితొమ్మిదవ రాజ్యాంగ సవరణ చేసెను. ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు పెద్ద న్యాయమూర్తులు, న్యాయశాఖమంత్రి, ఇద్దరు ప్రముఖులు, ఈ ఆఱుగురితో నొక సంఘము ఏర్పడవలెను. వారిలో ఏ యిద్దరు కాదనినను ఆ పేరు పోవును. 2015 అక్టోబరు 16న సుప్రీముకోర్టు దానిని నలుగురి మాటతో కొట్టివేసెను. మంత్రియు మంత్రి యిష్టుడును చేయి కలిపిన న్యాయమూర్తుల మాట చెల్లకపోవుననుట వారి భయము. 1973ను 1976ను చూచినవారికి ఆ భయము వట్టిదని చెప్ప మాకు నోరు రాదు.

ఆ నలుగురికి ఎదురు నిలిచిన యైదవవారు మన తెలుగువారు. కృష్ణా జిల్లా మొవ్వ ప్రాంతమున పెదముత్తేవి గ్రామమున పుట్టిన జాస్తి చలమేశ్వర్‌గారు. ఊరందఱిదొక దారి ఉలిపికట్టెది యొక దారి యని నవ్వినవారును గలరు. వారి వాదము చిన్నది: ఈ మండలి పనులు ప్రజలకు కనబడవు, చరిత్ర వ్రాయువానికిని కనబడవు, ప్రభుత్వమును పూర్తిగా వెలుపల నుంచుట ఏ ప్రజాస్వామ్యమునను లేదు. చెప్పి యూరకుండలేదు. తామే మండలిలో సభ్యులైన పిదప, 2016లో, ఎవరేమనిరో వ్రాసి యుంచనిదే నేను సమావేశములకు రానని ప్రధాన న్యాయమూర్తికి వ్రాసిరి. 2018 జనవరి 12న మఱి ముగ్గురు న్యాయమూర్తులతో కలిసి తమ ఇంటి ముంగిట పత్రికలవారిని పిలిచి మాటలాడిరి. ఈ కడపటి పని న్యాయమూర్తులకు తగునా యని మాకు నేటికిని సందేహము గలదు. ఇంటి గుట్టు వీధిలో పెట్టిన తరువాత ఇల్లు బాగుపడినట్లు కనబడలేదు. కాని వ్రాసి యుంచుడని యడిగిన మాట మాత్రము తిరుగులేనిది. మదనపల్లె మున్సిఫు కోర్టులో వాయిదా వేసినను డైరీలో వ్రాయవలెను గదా! దేశమునకు న్యాయమూర్తిని నిర్ణయించు సమావేశమున వ్రాత లేకపోవుట యెట్టి నీతి?

2017 అక్టోబరున మండలి తన తీర్మానములను కారణములతోకూడ ప్రకటించెదమని నిర్ణయించెను. మంచి యడుగే. కొంతకాలము కారణములు వచ్చెను, పిదప సన్నగిల్లెను. 2023 జనవరిలో కొన్ని పేర్ల విషయమున ప్రభుత్వము చెప్పిన యాక్షేపణలను, వానికి తమ బదులును వెల్లడించి దేశమును ఆశ్చర్యపఱచిరి. ఆకాశము విఱిగి పడలేదు. దినదినమును అట్లే చేయుట కేమి యడ్డము?

అన్నిటికంటె మా మనస్సును నొప్పించినది 2022 నవంబరునాటి సంగతి. ఏడుగురు హైకోర్టు న్యాయమూర్తులను బదిలీ చేయవలెనని మండలి తీర్మానించెను. అందు ఇద్దరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టువారు, ముగ్గురు తెలంగాణ హైకోర్టువారు. ఏడుగురిలో అయిదుగురు తెలుగు రాష్ట్రముల న్యాయస్థానములవారే. చూపిన కారణము న్యాయపరిపాలన మెఱుగగుటకని యొకే వాక్యము. ఉభయ రాష్ట్రములలోను న్యాయవాదులు విధులు మాని నిరసించిరి. ఆ బదిలీలు తప్పో ఒప్పో మేము తీర్పు చెప్పుట లేదు. చెప్పుటకు కావలసిన యాధారమే మాకీయబడలేదు. 1976లో శేఠ్‌గారిని కదల్చినప్పుడు మంత్రివర్గము చెప్పినదియు ప్రజాహితమనియే. అప్పుడు కదల్చినవారు మంత్రులు, ఇప్పుడు కదల్చినవారు న్యాయమూర్తులు. అడుగువానికి చిక్కిన బదులు మాత్రము అప్పటిదే. అన్యాయమని యొకడనిన కాదని నిరూపించు కాగితము న్యాయమూర్తుల చేతను లేదు. ఇట్లు తమకు తామే లోకనిందను కొనితెచ్చుకొనుచున్నారు.

అయినను దోషమంతయు మండలిమీద వేయుట సరికాదు. ప్రభుత్వము చేతిలో నిశ్శబ్దమను ఆయుధమొకటి గలదు. పేరు నచ్చనిచో కాదని చెప్పదు; ఫైలును ప్రక్కన పెట్టును. మాసములు గడచును, సంవత్సరము గడచును. ఆ వకీలు ఆశ వదలుకొని తన పేరు ఉపసంహరించుకొనును. కాదని చెప్పిన బదులు చెప్పవలసివచ్చును, ఊరకున్నచో బదులు లేదు. 2021 ఏప్రిల్ 20న సుప్రీముకోర్టు దీనికి గడువులు పెట్టినది: వేగువారి నివేదిక నాలుగునుండి ఆఱు వారములలో, ప్రభుత్వము తన యభిప్రాయముతో పంపుట ఎనిమిదినుండి పన్నెండు వారములలో, మండలి మరల చెప్పిన పేర్లకు నియామకము మూడు నాలుగు వారములలో. వ్రాసిన గడువు వ్రాసినట్లే యుండిపోయిన సందర్భములు వృత్తిలో నున్నవారికి తెలియును. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు ముప్పదియేడుగురు న్యాయమూర్తులుండవలెనని నిర్ణయము. ఖాళీయైన ప్రతి కుర్చీయు తంబళ్లపల్లె కక్షిదారుని వాయిదాను మఱికొంత దూరము త్రోయును.

అమెరికాలో అంతయు బహిరంగమే కదా, దానిని తెచ్చుకొందము అనువారు గలరు. అచ్చట అధ్యక్షుడు పేరు చెప్పును, సెనేటు అందఱి యెదుట ప్రశ్నించి వోటు వేయును. న్యాయమూర్తి జీవితాంతముండును. 2016లో సుప్రీముకోర్టున ఒక కుర్చీ ఖాళీ కాగా, ఎన్నికల సంవత్సరమని చెప్పి అధ్యక్షుడు ఒబామా పంపిన పేరును సెనేటు విచారణకైనను తీసికొనలేదు. 2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గుగారు మరణింపగా, ఎన్నికకు కొలది దినములముందు, అక్టోబరు 26ననే అదే పక్షపు సెనేటు క్రొత్త న్యాయమూర్తిని ధ్రువపఱచెను. తలుపు తెఱచియే యున్నది, కాని లోపల నున్నది పక్షముల కుస్తీ. అచ్చట న్యాయమూర్తి పేరు చెప్పగానే ఏ అధ్యక్షుడు నియమించెనని యడుగుదురు. మనదేశమున ఆ ప్రశ్న యింకను పుట్టలేదు; పుట్టకుండుగాక.

ఇక మా సీమ మాట. తంబళ్లపల్లెవారు ఊరు కదలకయే నాలుగు హైకోర్టులు చూచిరి. 1954 వఱకు చెన్నపట్టణము, ఆ యేడు జూలైనుండి గుంటూరు, 1956 నవంబరునుండి హైదరాబాదు, 2019 జనవరి 1వ తేదీనుండి అమరావతి. ఈ కడపటిదానిని రాష్ట్రపతి ఉత్తరువే ఏర్పఱచినది. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున కుదిరిన ఒడంబడికయందు, రాజధాని హైకోర్టులలో నొకటి రాయలసీమకని పెద్దలు వ్రాసికొనిరి. 1953లో రాజధాని కర్నూలునకు వచ్చి, మూడేండ్లలో హైదరాబాదునకు పోయెను. హైకోర్టు మాత్రము ఏనాడును సీమలో అడుగు పెట్టలేదు. నేడు మదనపల్లెనుండి బెంగుళూరు నగరమునకు కొలది గంటల ప్రయాణము. తన హైకోర్టునకు పోవలెనన్న నాలుగు వందల కిలోమీటర్లకు పైగా పోవలెను. కర్నూలున హైకోర్టు ధర్మాసనమొకటి పెట్టవలెనని 2024 నవంబరున శాసనసభ తీర్మానించినది. దానికిని మరల హైకోర్టు, కేంద్రప్రభుత్వము, రాష్ట్రపతి, అందఱి సంతకములును కావలెను.

సీమ జిల్లాల న్యాయవాద సంఘములు ధర్మాసనము కొఱకు మహజరులు పంపుచున్నవి. పంపవలసినదే. కాని మహజరులో ఇంకొక పుట చేర్చుడని మా సోదర న్యాయవాదులను కోరుచున్నాము. హైకోర్టు మండలి ప్రతిపాదించు ప్రతి పేరునకును, ఎన్నిన కారణమును బదిలీ కారణమును లిఖితపూర్వకముగా ప్రకటింపవలెను. వేగువారి నివేదికలో దేశరక్షణకు సంబంధించిన మాట యున్నచో దానిని మాత్రము కప్పిపెట్టవచ్చును. ప్రభుత్వము గడువులోపల ఒప్పుకొనవలెను, లేదా కారణము వ్రాసి త్రిప్పిపంపవలెను. గడువు దాటినచో ఆ ఫైలు రాష్ట్రపతి యెదుటికే నేరుగా పోవునట్లు చట్టము చేయవలెను. జిల్లా కోర్టులలో ముప్పదియేండ్లు వాదించి, భూమి దావాల లోతు ఎఱిగిన వకీళ్ల పేర్లను గూడ పరిశీలించితిమని, ఎందఱిని పరిశీలించితిమని ఏటేట చెప్పవలెను. హైకోర్టు నగరమున కాపురమున్నవారికి మాత్రమే ఆ తలుపు కనబడుచున్నదని మా మొఫసలు వకీళ్లలో చిరకాలముగా నున్న మాట; అది యబద్ధమైనచో లెక్క చూపిన మఱునాడే సమసిపోవును. కర్నూలున ధర్మాసనము కూర్చుండు దినము వచ్చినప్పుడు, దానిమీద కూర్చుండువారు ఎట్లు వచ్చిరో ఆ దినముననే మదనపల్లె కోర్టు గోడమీద అంటించిన కాగితమున చదువుకొనగలుగవలెను.